పెన్ను, ఇంకుతో చెల్క తొండ బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండాకాలం మొదలై చెల్కల్లో, గుట్టల కింద తొండలు తిరగడం మొదలుపెట్టగానే ఈ ప్రశ్నలూ వస్తాయి. హన్మకొండ, జనగామ, కరీంనగర్ వైపు పెన్నుతో జంతువుల బొమ్మలు వేసేవాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగినవాటిని పని జరిగే వరుసలో పెట్టాం. నమూనాగా తీసుకున్నది మెట్ట నేలల్లో పరుగెత్తే చిన్న తొండ. దీని మగది గొంతు కింద తోలును విసనకర్రలా విప్పుతుంది. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి, కావలసింది చూసుకోండి.

## చూడటం, ఫొటోలు తీసుకోవడం

తొండ, ఊసరవెల్లి, బల్లి... నేను గీసేది ఏదో ఎట్ల తెలుసుకోవాలె?

వేళ్ళు, కళ్ళు చూస్తే తేలిపోతుంది. ఊసరవెల్లి వేళ్ళు రెండు గుత్తులుగా అతుక్కుని పటకారులా కొమ్మను పట్టుకుంటాయి, కళ్ళు దేనికది వేరే దిక్కుకు తిరుగుతాయి. ఇంటి బల్లికి మూసుకునే రెప్పలుండవు, పగటి వెలుగులో కంటిపాప నిలువు చీలికలా ఉంటుంది. తొండకు రెప్పలుంటాయి, కంటిపాప గుండ్రం, వేళ్ళు విడివిడిగా సన్నగా ఉంటాయి. "తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అనే సామెతను నమ్మి తొండకు చుట్ట తిరిగిన తోక గీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తొండ ఎంత ముదిరినా తొండే.

చెల్కలో కనిపించేది విసనకర్ర తొండా, కంచె మీది మామూలు తొండా?

వెనక కాలి వేళ్ళు లెక్కపెట్టండి. నాలుగే ఉంటే విసనకర్ర తొండ, శాస్త్రీయ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు సైటానా. అయిదుంటే మామూలు తొండ కావచ్చు. మామూలు తొండకు మెడ నుంచి వీపు మీదికి ముళ్ళ వరుస, చెవి పైన విడివిడిగా రెండు చిన్న ముళ్ళ గుంపులు ఉంటాయి. విసనకర్ర తొండకు ఆ వరుస లేదు. వీపు మధ్య గోధుమరంగు పతంగి ఆకారపు మచ్చలు వరుసగా ఉంటాయి. ఒళ్ళు చిన్నది, మూతి నుంచి మలద్వారం దాకా సుమారు 4 నుంచి 6 సెం.మీ.

సైటానా పేరును ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త కువియె 1829లో పుదుచ్చేరి తొండ మీద పెట్టాడు. ఆ తర్వాత ఒకే జాతి అనుకున్నది చాలా జాతులని తేలింది. 2016లో సరడా అనే మరో ప్రజాతిని కూడా విడదీశారు. కాబట్టి బొమ్మ కింద నిపుణులు చెప్పకుండా పూర్తి జాతి పేరు రాయకండి. "సైటానా ప్రజాతి" అని రాస్తే తప్పుండదు.

గుట్ట బండల మీద ఎర్రగా, పక్కలు నల్లగా ఉండేది కూడా ఇదేనా?

కాదు, అది రాతి తొండ. గుడ్లు పెట్టే కాలంలో మగదానికి ఆ రంగు వస్తుంది. విసనకర్ర తొండకన్నా పెద్దది, ఒళ్ళు అణిగి బండకు అతుక్కున్నట్టు ఉంటుంది, వెనక పాదానికి అయిదు వేళ్ళు. పొలుసులు చాలా చిన్నవి కాబట్టి ఒక్కోటి గీస్తే అసహ్యంగా తయారవుతుంది. చుక్కలతోనే తేల్చాలి.

థార్ ఎడారి బల్లిని గీయాలని ఉంది. మన తొండను చూసి నేర్చుకుంటే సరిపోతుందా?

పెన్ను పని నేర్చుకోవడానికి సరిపోతుంది, ఆకారానికి సరిపోదు. జైసల్మేర్ ఇసుక దిబ్బల్లో ఉండే లౌంగ్వాలా కప్పతల బల్లి 1978లో శాస్త్రానికి తెలిసింది. దాని తల పొట్టిగా, కప్ప తలలా గుండ్రంగా ఉంటుంది, ఒళ్ళు వెడల్పుగా అణిగి ఉంటుంది, చెవి రంధ్రం బయటికి కనిపించదు. మన తొండ అలవాటుతో చెవి గుండ్రం పెట్టేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. అది ఒళ్ళు అటూఇటూ ఆడించి ఇసుకలో కూరుకుపోతుంది కాబట్టి సగం పూడిన భంగిమ కూడా సహజమే. దాని కింద ఎర్రమట్టి, తంగేడు మాత్రం గీయకండి.

ఫోనుతో ఫొటో తీస్తే తల పెద్దగా వస్తుంది, ఎందుకు?

దగ్గరికి వెళ్ళి తీయడం వల్ల. కెమెరాకు దగ్గరున్న భాగం పెద్దగా, దూరమున్న తోక చిన్నగా పడుతుంది. ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం నుంచి రెండు మూడింతల జూమ్‌తో, నేలకు వంగి తొండ కంటి ఎత్తులో తీయండి. నిలబడి పైనుంచి తీసిన ఫొటోతో పక్కనుంచి చూసే బొమ్మ గీస్తే కాళ్ళు పొట్టిగా వస్తాయి.

కొలత కోసం తొండ వెళ్ళిపోయాక అదే రాయి మీద పది రూపాయల బిళ్ళ పెట్టి, కదలకుండా అక్కడినుంచే ఇంకో ఫొటో తీయండి. బిళ్ళ అడ్డకొలత 27 మి.మీ. దాంతో తొండ అసలు పొడవు లెక్కకు వస్తుంది.

పొద్దున ఎండ ఎక్కుతున్నప్పుడు తొండలు ఒంటికి వేడి పట్టించుకుంటూ కదలకుండా కూర్చుంటాయి, అదే మంచి సమయం. మగది విసనకర్ర విప్పడం చూడాలంటే వానలకు ముందు నెలలు. పట్టి డబ్బాలో పెట్టి గీయడం మాత్రం వద్దు. భయపడ్డ తొండ రంగు, భంగిమ రెండూ మారిపోతాయి, అడవి జంతువులను పట్టడం చట్టంతో పెట్టుకునే పని కూడా.

నెట్‌లో దొరికిన ఫొటోను చూసి గీయొచ్చా? ఏఐ బొమ్మ చూసి గీస్తే?

వేరేవాళ్ళ ఫొటోను అచ్చంగా దించితే అది వాళ్ళ హక్కు మీదికి పోతుంది, అనుమతి అడగాలి. వేర్వేరు ఫొటోల నుంచి కాలి వివరం, తల వివరం తీసుకుని భంగిమ మీ సొంతంగా కట్టుకోవడం మేలు. ఏఐ బొమ్మను ఆధారంగా పెట్టుకోకండి. వేళ్ళ లెక్క తప్పుతుంది, పొలుసులు మధ్యలో దారి మార్చుకుంటాయి, అవి తప్పులని మీకు తెలిసేసరికి ఇంకు ఆరిపోయి ఉంటుంది.

## సామాను

ఏ పెన్నులు కొనాలె? మొత్తం సెట్టు అవసరమా?

మూడు చాలు. నీటికి చెదరని పిగ్మెంట్ ఇంకు పెన్నుల్లో 003, 01, 05 తీసుకోండి. మైక్రాన్ రకంలో ఇవి వరుసగా 0.15, 0.25, 0.45 మి.మీ. గీత వేస్తాయి. సన్నదానితో లేత చుక్కలు, నడిమిదానితో అంచులు, పొలుసులు, లావుదానితో కాళ్ళ కింది నీడ. జెల్ పెన్ను వద్దు, చెయ్యి తగిలితే పులుముకుంటుంది.

డిప్ నిబ్బు (ఇంకులో ముంచి గీసేది) మంచిదా, రెడీమేడ్ పెన్నా?

గీత ఒత్తిడిని బట్టి సన్నం, లావు కావాలంటే నిబ్బే. పొలుసు అంచు ఒక పక్క పలుచగా మొదలై ఇంకో పక్క మందమవ్వడం రెడీమేడ్ పెన్నుతో ఒక్క గీతలో రాదు. అయితే చుక్కల పనికి రెడీమేడ్ పెన్నే నమ్మకం, చుక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి.

కొత్త నిబ్బు మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, దాని వల్ల ఇంకు ముద్దలుగా జారుతుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి తుడిచాక వాడండి. నిబ్బును మధ్య రంధ్రం సగం దాకానే ముంచాలి. లక్క కలిసిన నల్ల డ్రాయింగ్ ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోస్తే పెన్ను పాడైనట్టే, లోపల గట్టిపడి మళ్ళీ రాదు.

కాగితం ఏది? ఐవరీ షీటు పనికొస్తదా?

నేర్చుకునేటప్పుడు నున్నటి ఐవరీ షీటు పనికొస్తుంది. ఉంచుకునే బొమ్మకు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్న నున్నటి బ్రిస్టల్ లేదా హాట్‌ప్రెస్ కాగితం, ఆమ్లం లేనిది తీసుకోండి. బడి డ్రాయింగ్ పుస్తకాల గరుకు కాగితం మీద సన్న పెన్ను తడబడుతుంది, చుక్క గుండ్రంగా పడదు. కొనే ముందు షాపులోనే ఒక మూల సన్న గీత వేసి చూడండి. గీత చుట్టూ వెంట్రుకల్లా ఇంకు పాకితే ఆ కాగితం వదిలేయండి.

ఎండాకాలంలో, వానాకాలంలో ఇంకు సరిగా నడవదు. కారణమేంది?

మే నెలలో సీలింగ్ ఫ్యాను కింద కూర్చుంటే నిబ్బు మీది ఇంకు గీతకూ గీతకూ మధ్యే ఆరిపోతుంది. ఫ్యాను తగ్గించి, నాలుగైదు గీతలకొకసారి నిబ్బును తడిగుడ్డకు తుడవండి. ఎయిర్ కూలర్ ఎదురుగా అసలే కూర్చోవద్దు. తేమగాలికి కాగితం ఉబ్బి ఇంకు పాకుతుంది, మధ్యాహ్నానికి షీటు అంచులు లేస్తాయి. వానాకాలంలోనూ తేమదే ఇబ్బంది. వాడని కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో కలిపి ఉంచండి. చెమట అరచెయ్యి ఆనిన చోట కాగితం జిడ్డు పట్టి ఇంకును పట్టుకోదు కాబట్టి చెయ్యి కింద ఎప్పుడూ ఒక తెల్లకాగితం ఉండాలి.

## పెన్సిల్ దశ

ఎంత పెద్దగా గీయాలె?

అచ్చులో వచ్చే సైజుకు ఒకటిన్నర నుంచి రెండింతలు. ఉదాహరణకు అచ్చులో అసలు సైజులోనే రావాల్సిన, ఒళ్ళు 5 సెం.మీ., తోక 9 సెం.మీ. ఉన్న తొండను రెండింతలు గీస్తే 28 సెం.మీ. ఏ4 కాగితం అడ్డంగా 29.7 సెం.మీ.యే కాబట్టి అంచులకు జాగా మిగలదు. ఏ3 తీసుకోండి, లేదా తోకను సహజంగా వంచండి. తోక చివర కాగితం బయటికి తెగిపోవడం చదివేవాళ్ళకు తోక తెగిన తొండలా కనిపిస్తుంది.

సగానికి తగ్గించినప్పుడు 0.15 మి.మీ. గీత 0.075 అవుతుంది, అచ్చులో అది తెగి తెగి పడుతుంది. ఎక్కువ తగ్గించే బొమ్మకు 003 పెన్ను పక్కన పెట్టి 01తో మొదలుపెట్టండి.

వేళ్ళు ఎప్పుడూ తప్పే వస్తయి. కొండగుర్తు ఏమన్నా ఉందా?

లోపలి వేలు నుంచి బయటికి, గోటి ఎముకతో కలిపి ముందుపాదంలో ఎముకల లెక్క 2, 3, 4, 5, 3. వెనకపాదంలో 2, 3, 4, 5, 4. ఎముకలెన్నో తెలిస్తే వేలు ఎక్కడెక్కడ వంగుతుందో తెలుస్తుంది. విసనకర్ర తొండ వెనకపాదంలో అయిదో వేలు లేదు, అందుకని అన్నిటికన్నా పొడవైన నాలుగో వేలే బయటి చివరి వేలు అవుతుంది. అలవాటుగా దాని పక్కన ఇంకో చిన్న వేలు పెట్టేస్తుంటారు. ఆ ఒక్క వేలుతో బొమ్మలోని జంతువు మారిపోతుంది.

పరుగు భంగిమ గీసేవాళ్ళకు ఒక మాట. ఇది తొందరలో వెనకకాళ్ళ మీదే పరుగెత్తగలదు. అప్పుడు తోక పైకి లేచి బరువు సరిచేస్తుంది, నేలను ఈడ్చదు.

పొలుసులన్నీ గీయాల్నా?

గీయనవసరం లేదు, కానీ అవి ఏ దారిలో నడుస్తున్నాయో మొత్తం తెలియాలి. బొమ్మ బాగుండటం, చెడటం ఇక్కడే ఉంది.

ముందు మెడ నుంచి తోక మొదలు దాకా వీపు మధ్య గీత వేయండి. ఒళ్ళు గుండ్రంగా ఉన్న సంగతి గుర్తుపెట్టుకుని, పక్కలకు దిగే కొద్దీ వంగే ఏటవాలు గీతలు ఒక వైపు నుంచి లేతగా వేయండి. తర్వాత వాటిని కోస్తూ ఇంకో వైపు నుంచి. చేపల వల కన్నుల్లా గళ్ళు వస్తాయి, ఒక్కో గడి ఒక పొలుసు. వీపు మీద గళ్ళు వెడల్పుగా, పొట్ట అంచుకు చేరేసరికి మనవైపు నుంచి తిరిగిపోతూ సన్నగా కనిపించాలి. ఈ వల తిన్నగా, చదునుగా వేస్తే తొండ ఒళ్ళు కాగితం మీద పరిచిన చాపలా ఉంటుంది. ఎన్ని చుక్కలు పెట్టినా గుండ్రం రాదు.

పొలుసు మీద పొలుసు ఇంటి పెంకుల్లా వెనక్కి కప్పుకుంటాయి, మొన తోకవైపు. ఒక్కో వీపు పొలుసు నడుమ పొడవునా ఒక గట్టు ఉంటుంది. ఆ గట్లు ఒకదాని వెనక ఒకటి కలిసి తోక దాకా సన్న గీతలుగా సాగుతాయి. గళ్ళు సరిగా పడ్డాయా అని చూడటానికి ఈ గీతలనే పరీక్షగా పెట్టుకోండి. ఒక గట్టు గీత మధ్యలో పక్క వరుసలోకి దూకిందంటే వల ఎక్కడో తప్పింది. పెన్సిల్‌లో ఉండగానే చెరిపి సరిచేయండి.

ఇంకు పెట్టేటప్పుడు వెలుగు పడే భాగంలో పొలుసులను మధ్య మధ్యన వదిలేయండి, కొన్నిటికి వెనక అంచు మాత్రమే. వెలుగూ నీడా కలిసే పట్టీలో పూర్తిగా గీయండి. ముదురు నీడలో మళ్ళీ కలిపేయండి. తల మీద పొలుసులు వరుసలో ఉండవు, సైజులు వేరు. వాటిని ఫొటో చూసి ఒక్కొక్కటే పెట్టాలి, దీనికి దగ్గరిదారి లేదు.

పెన్సిల్ బొమ్మను మంచి కాగితం మీదికి ఎట్ల ఎక్కియ్యాలె?

ట్రేసింగ్ కాగితం మీద దించి, వెనకవైపు 2హెచ్ పెన్సిల్ రుద్ది, మంచి కాగితం మీద పెట్టి గీతల మీదుగా నొక్కండి. ఎల్ఈడీ ట్రేసింగ్ ప్యాడ్ ఉంటే ఇంకా శుభ్రం. నీలం కార్బన్ కాగితం వాడొద్దు, దాని మైనం మీద ఇంకు నిలవదు. పెన్సిల్ గీత ముదురుగా ఉన్నా అదే బాధ, ఇంకు దాని మీద పల్చగా పట్టి చెరిపినప్పుడు లేచిపోతుంది.

## ఇంకు దశ

మొదట ఎక్కడ పెన్ను పెట్టాలె?

కన్ను. అది చెడితే కొత్త కాగితం తీసుకోవడానికి ఇంకా టైము ఉంటుంది. మెరుపు ఉండే చోటును ముందే పెన్సిల్‌తో చుట్టి తెల్లగా వదలండి. వెలుగు పై ఎడమనుంచి వస్తున్నట్టు గీయడం శాస్త్రీయ చిత్రాల్లో వాడుక కాబట్టి మెరుపు కంటిపాప పై ఎడమ అంచు మీద పడుతుంది. తర్వాత తెల్ల ఇంకుతో మెరుపు పెడదామనుకుంటే అది బూడిదరంగు ముద్దలా మిగులుతుంది. రెప్పల చుట్టూ చిన్న గింజల్లాంటి పొలుసులుంటాయి, వాటిని కంటి చుట్టూ వలయాలుగా పెట్టండి.

చుక్కలు పెడితే మచ్చలు మచ్చలుగా, గీతలు గీతలుగా కనిపిస్తున్నయి.

చుక్కలు తొందరగా పెట్టినప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే వరుసలు కడుతుంది. పెన్ను నిట్టనిలువుగా పట్టి, తాకించి తిన్నగా పైకి ఎత్తండి. ఏటవాలుగా ఎత్తితే చుక్కకు తోక వస్తుంది. ముదురు కోసం చుక్క సైజు పెంచకండి, చుక్కల మధ్య దూరం తగ్గించండి. కొత్త చుక్క ఎప్పుడూ ఉన్న చుక్కల నడుమ ఖాళీలో పడాలి.

పనికి ముందు అదే కాగితం ముక్క మీద సెంటీమీటరు గళ్ళు అయిదు గీసి, తెలుపు నుంచి దాదాపు నలుపు దాకా నింపి పక్కన పెట్టుకోండి. దవడ కింద, చంక, పొట్ట నేలకు ఆనే చోటు, ఈ ముదురు తావులు ముందు. ఆ తర్వాత ఒళ్ళంతా ఒక పల్చటి చుట్టు, మళ్ళీ ఇంకోటి. తల మొత్తం పూర్తి చేసి ఒళ్ళులోకి దిగితే రెండు తొండలు అతికించినట్టు ఉంటుంది. అరగంటకోసారి అద్దంలో చూడండి, మచ్చ ఎక్కడుందో అప్పుడు దొరుకుతుంది.

వీపు మీది మచ్చలు నీడల్లో కలిసిపోతున్నయి, ఏం చేయాలె?

రెండింటికీ ఒకే పద్ధతి వాడటం వల్ల ఇలా అవుతుంది. నీడను చుక్కలతో వేయండి. మచ్చను పొలుసు గట్టు దిక్కుకే సాగే చిన్న చిన్న గీతలతో నింపండి. మచ్చ అంచు పొలుసు అంచు దగ్గరే ఆగాలి, ఎందుకంటే రంగు పొలుసు పొలుసుకు మారుతుంది. అంచును నున్నటి వంపుగా గీస్తే స్టిక్కరు అంటించినట్టే.

విప్పిన విసనకర్రను నలుపు తెలుపుల్లో ఎట్ల చూపాలె?

ఎక్కువ తెలుపు వదిలి. అది పల్చటి తోలు. దవడ కింద నుంచి ముందుకాళ్ళు దాటి ఛాతీ మీదికి సాగుతుంది. ముందు అంచు విల్లులా బిగుతుగా ఉంటుంది, మడతలు అక్కడినుంచి వెనక్కి విచ్చుకుంటాయి. విసనకర్ర మీద నీలం పట్టీ ఉంటే దాన్ని పల్చటి గీతలతో మాత్రమే చూపి, చుట్టూ వెనక నేపథ్యాన్ని కాస్త ముదురు చేస్తే విసనకర్ర తనంతట వెలుగుతుంది. ఆడదానికి ఇది ఉండదు.

ఎర్రచెల్క, బండ, గడ్డి ఎంతవరకు గీయాలె?

పాదాల చుట్టూ, పొట్ట కింద వరకే. ప్రతి వేలి కింద చిన్న ముదురు నీడ పడకపోతే తొండ గాలిలో తేలుతుంది. మట్టి రవ్వలు పాదాల దగ్గర దట్టంగా, దూరం పోయే కొద్దీ పల్చగా వదిలేయండి. మన నల్లరాతి, బూడిదరాతి బండలకు గుండ్రటి చుక్కలు వద్దు. గ్రానైటులోని నల్ల అభ్రకం రేకుల్లాగా కోణాలున్న చిన్న ముక్కలు గుంపులుగా పెడితే తొండ ఒంటి చుక్కలకూ రాతికీ తేడా తెలుస్తుంది.

ఇంకు చుక్క పడింది. మొత్తం పోయినట్టేనా?

ముందు ముట్టుకోకండి. తడిమీద అద్దితే పాకుతుంది. టిష్యూ మూలను పైనుంచి తాకించి పీల్చనివ్వండి, ఒక రోజు ఆరనివ్వండి. మందమైన కాగితమైతే కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి పొరలు పొరలుగా గీకి, స్పూను వెనకవైపుతో రుద్ది నున్నగా చేయండి. గీకిన చోట నిబ్బు పెడితే ఇంకు పాకుతుంది, 003 పెన్నే వాడాలి. నేల మీద పడ్డ చుక్క అయితే గులకరాయి చేసేయండి, ఎవరికీ తెలియదు.

చెయ్యి నొస్తుంది. రోజుకు ఎంతసేపు చేయొచ్చు?

40 నిమిషాలు పని, 10 నిమిషాలు విరామం. పెన్ను సన్నగా అనిపిస్తే రబ్బరు గ్రిప్పు తొడగండి. అలిసిన చెయ్యి పెట్టిన చుక్కలు మరుసటి రోజు పట్టిచ్చేస్తాయి.

## పూర్తయ్యాక

స్కాన్ చేస్తే సన్న చుక్కలు మాయమైతున్నయి.

ఫోను యాప్‌లు, జేపెగ్ ఫైళ్ళు చుక్కలను మసక చేస్తాయి. స్కానర్ మీద 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) గ్రే లేదా 1200 డీపీఐ నలుపు తెలుపులో తీసి టిఫ్ ఫైలుగా దాచండి. పెన్సిల్ గీతలను చెరిపేది మాత్రం ఇంకు ఒక రోజు ఆరాకే. ఏ3 బొమ్మను ఏ4 స్కానర్ మీద రెండు ముక్కలుగా తీసేటప్పుడు మూడు నాలుగు సెంటీమీటర్లు రెండిట్లోనూ వచ్చేలా చూసుకోండి.

బొమ్మ కింద ఏమేం రాయాలె?

ప్రజాతి, మగో ఆడో, చూసిన ఊరు, నెల, సంవత్సరం, ఫొటోల ఆధారంగా గీస్తే ఆ సంగతి. "రెండింతలు" అని మాటల్లో రాయకుండా 1 సెం.మీ. కొలత గీత బొమ్మలోనే పెట్టండి. అచ్చులో ఎంత తగ్గించినా గీత కూడా తగ్గుతుంది, లెక్క చెడదు.

అసలు బొమ్మ ఎక్కడ దాచాలె?

ఆమ్లం లేని కాగితం మడతలో, చదునుగా, ఇనుప బీరువా కింది అరలో కాకుండా పై అరలో. వానాకాలంలో కింది అరకు తేమ ఎక్కువ, బూజు అక్కడే మొదలవుతుంది. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంట్ బోర్డు (చుట్టూ అంచుకు పెట్టే మందపాటి అట్ట) పెట్టించండి, లేకపోతే చెమ్మకు ఇంకు అద్దానికి అంటుకుంటుంది.